ఉప్పుమెఱుఁగు శిలాభాండముల పుట్టుపూర్వోత్తరములు

ఇంగ్లాండుదేశమునందలి స్టాఫర్డ్‌షైరు మండలమున కుమ్మరిపని వృద్ధినొందిన తెఱంగును తెలుపుచు సిమియన్ షా యను నతఁడు 1829వ సంవత్సరమున నొక గ్రంథమును ప్రకటించెను. ఆ ప్రాంతపు పెద్దల నోట వినవచ్చిన సంగతులను పెక్కింటిని అతఁ డందు కూర్చెను. కాఁబట్టి యది చదువుట కింపుగా నుండును. చరిత్రమునకు ప్రమాణముగా గ్రహించుటకు మాత్రము మిక్కిలి జాగరూకత వలయును. ఉప్పుమెఱుఁగుగల మట్టిపాత్రము లా మండలమున నెట్లు పుట్టినవో చెప్పు కథలు రెండు ఆ గ్రంథమునందున్నవి.

మొదటి కథ యిది. 1680వ సంవత్సర ప్రాంతమున స్టాన్లీ యను చోట నొక వ్యవసాయకుని యింట పరిచారిక మాంసమును నిలువచేయుటకై ఉప్పునీటిని మట్టికుండలో కాఁచుచుండెను. ఆమె యావలకు పోయిన సమయమున నీరు పొంగి కుండ వెలుపలివైపున కాఱెను. కుండ యెఱ్ఱగా కాలెను. చల్లాఱిన పిమ్మట చూడఁగా దాని పైభాగము నిగనిగలాడుచుండెను. పొరుగున నున్న కుమ్మరి యది విని కీలకము గ్రహించెను.

రెండవ కథ యింతకంటె రసవంతమైనది. ఎలర్స్ అను ఇంటిపేరుగల యిరువురు సోదరులు విదేశమునుండి వచ్చి బ్రాడ్వెల్ అడవికడ ఆవము నిర్మించి, ఎవ్వరిని దరిచేరనీయక పనిచేయుచుండిరఁట. తమ విద్య బయటపడునను భయముచే తెలివితక్కువవారినే కూలికి పెట్టుకొనుచుండిరఁట. జాన్ ఆస్ట్‌బరీ యను కుమ్మరి వెఱ్ఱివానివలె నటించి వారికడ చేరి, తిట్లును దెబ్బలును ఓర్చుకొని, పనిముట్ల నన్నిటిని చూచి, పనియంతయు నేర్చుకొని వెలువడెనఁట. ఎలర్సులు చేసిన పను లన్నిటిలో ఉప్పుమెఱుఁగు ముఖ్యమైనదని కథకుల మతము.

ఈ కథలు గ్రంథమునుండి గ్రంథమున కెక్కి, నూఱేండ్లకు పైగా చరిత్రమువలె చెలామణి యయ్యెను. వీనిని పరీక్షించుటకు సాక్ష్యములు లేకపోలేదు. అగ్నిధర్మ మొకటి, న్యాయస్థానపు కాగితములు వేఱొకటి, ఆవములకడ కుమ్మరులు పాఱవేసిన పెంకులు మఱియొకటి. వీనిలో పెంకు లబద్ధమాడుట యరుదు.

మొదట వస్తువెట్టిదో తెలియవలయును. తెలుఁగునాట కుమ్మరి సారెపై తీర్చి ఆవమున పెట్టు కుండ కొలఁదివేఁడిలోనే కాలును. దాని గోడయందు సూక్ష్మరంధ్రము లుండును, నీరూఱును, వేసవిలో కుండనీరు చల్లగా నుండుట కదియే కారణము. ఇంగ్లీషువారు స్టోన్‌వేర్ అని పిలుచు శిలాభాండ మట్టిది గాదు. దానిని సుమారు 1200 మొదలు 1300 సెంటిగ్రేడు డిగ్రీల వేఁడిలో కాల్చుదురు. ఆ వేఁడిలో మట్టియందలి కొన్ని యంశములు కరఁగి తక్కిన కణముల నడుమ నిండుకొనును. చల్లాఱిన తరువాత పాత్రమంతయు రాతివలె గట్టిపడును. పైన మెఱుఁగు లేకున్నను నీరూఱదు. మీటినచో ఖంగున మ్రోగును. తెలుఁగువారి యిండ్లలో ఆవకాయ, మాగాయ నిలువచేయు జాడీ యీ తెగలోనిదే. ఉప్పు, పులుపు ఏండ్లతరబడి తగిలియున్నను దానికి హాని లేదు.

అయినను మెఱుఁగులేని పాత్రము గరుకుగా నుండును; మురికిపట్టును. కొలఁదివేఁడి పాత్రములకు యూరపు కుమ్మరులు సీసముతో మెఱుఁగు పెట్టుచుండిరి. సాధారణమైన సీసపు మెఱుఁగు శిలాభాండమునకు వలసినంత వేఁడికి నిలువదు. మఱియు సరిగా కుదురని సీసపు మెఱుఁగునుండి పులుపు తగిలినపుడు సీసము విడివడి యాహారమున కలియు నపాయము గలదు. వంటయింట ప్రతిదినము వాడుకొను నుప్పే యీ రెండు చిక్కులను తొలఁగించెను.

ఉప్పుమెఱుఁగును పూఁత యనుట సరిగాదు, ఏలయన పాత్రముపై పూయున దేమియు లేదు. ఆఱిన పచ్చిపాత్రములను ఆవమున పేర్చి, క్రమక్రమముగా మంట పెంచుదురు. స్టాఫర్డ్‌షైరున పాత్రములను సాగరులను మట్టిపెట్టెలలో నుంచి పేర్చుచుండిరి. సీసపు మెఱుఁగు పాత్రముల సాగరులకు పొగ చొరకుండుట ముఖ్యము. ఉప్పుమెఱుఁగు సాగరుల ప్రక్కలకు మాత్రము ఆవిరి చొచ్చుటకై రంధ్రములు పెట్టుదురు. తవ్వకములలో దొరకిన రంధ్రముల సాగరుపెంకు ఒక్కటి చూచినను, అచ్చట నుప్పుమెఱుఁగుపని జరిగినదని యూహింపవచ్చును.

వేఁడి పరాకాష్ఠ నందినపుడు ఆవము కప్పునందలి కన్నములగుండ ఉప్పును లోనికి పోయుదురు. అందుకై కప్పుచుట్టును మంచెవంటి కట్టడ ముండెడిది. పనివారు దానిపై నిలిచి పనిచేయుచుండిరి. ఉప్పు చిటపటమని పగిలి ఆవిరియగును. మంటయందలి నీటియావిరితో కూడి యది విడివడఁగా, దానిలోని సోడియము పాత్రముయొక్క మట్టిలోనున్న సిలికా, అల్యూమినాలతో కలిసి సన్నని గాజుపొర యగును. క్లోరిను హైడ్రోక్లోరికామ్లపు పొగయై వెలికి పోవును. కాఁబట్టి యీ మెఱుఁగులో నుప్పుభాగము కొంచెమే. తక్కినది పాత్రము తన మేనినుండి తానిచ్చినదే. కొంతసేపటి కొకమాఱు ఇనుపకడ్డీతో ఆవమునుండి చిన్న మట్టియుంగరములను వెలికి తీసి, మెఱుఁగు చాలినదో లేదో చూచి, చాలనిచో మరల నుప్పు పోయుదురు.

ఇట్లేర్పడిన మెఱుఁగుపై నారింజతొక్కపై నుండునట్టి సన్నని గుంటలు కానవచ్చును. ఆ పొర మిక్కిలి పలుచనిది. సీసపు మెఱుఁగు చిక్కగా ప్రవహించి మట్టిపై చెక్కిన గీఁతలను పూడ్చివేయును. ఉప్పుమెఱుఁగు వెండ్రుకవంటి గీఁతనుసైతము చెఱపదు. భోజనపాత్రములపై సున్నితమైన యచ్చుపని యంతగా వృద్ధినొందుట కిదియే మూలము.

ఈ పని జరుగు నూళ్లు వేఱుగా నుండెడివి. బర్స్‌లెము గ్రామమున శనివారముల ప్రొద్దున ఆవముల కుప్పు పోయుచుండఁగా వీథులు తెల్లని పొగతో నిండి, బాటసారులు దారి కానక తడఁబడుచుండిరని షా వ్రాసియున్నాఁడు. వెనుకటి రెండుకథలను గూర్చి యెట్లున్నను, ఈ మాటను నమ్మవచ్చును. ఆ పొగ యెట్టిదో రసాయనశాస్త్రమే చెప్పుచున్నది.

అట్టి శాస్త్రమే పరిచారిక కథను నిలువనీయదు. ఉప్పు కరఁగిన నీరు ఎంత చిక్కనిదైనను 110 డిగ్రీల లోపలనే మరుఁగును. పొడియుప్పు కరఁగుటకే 801 డిగ్రీలు కావలయును. ఆవిరియై మట్టిలోని సిలికాతో కలిసి మెఱుఁగగుటకు అంతకంటె నెంతయో హెచ్చువేఁడి, కొన్నిగంటలకాలము వలయును. వంటయింటి పొయ్యిపై నది జరుగునది గాదు. జరిగెనే యనుకొన్నను, కొలఁదివేఁడిలో కాలిన సామాన్యపు కుండ యా వేఁడికి క్రుంగిపోవును గాని మెఱుఁగెక్కి నిలువదు. ఆ కథను పుట్టించిన వాఁడు ఆవమున కుప్పు పోయుట విన్నవాఁడే గాని చూచినవాఁడు గాఁడని తోఁచును.

ఇంతకును ఈ విద్య యింగ్లాండున పుట్టినది గాదు. జర్మనీదేశమున రైన్‌నదీ ప్రాంతమున అధికమైన వేఁడికి నిలుచు మన్ను, సమృద్ధియైన కట్టెలు, సరకును దూరదేశములకు చేర్చు నది యను మూఁడును ఒక్కచోట కుదిరినవి. సీగ్‌బర్గున 14వ శతాబ్ది నాటికే గట్టి శిలాభాండములు చేయుచుండిరి. 15వ శతాబ్దిలో నుప్పుమెఱుఁగు వాడుకలోనికి వచ్చెను. పిమ్మట కొలోను, ఫ్రెషెను, నేఁడు బెల్జియములో చేరిన రేరెను, వెస్టర్‌వాల్డు అను తావులు ప్రసిద్ధికెక్కెను. సీగ్‌బర్గు పాత్రము తెల్లనిచాయ గలది. ఫ్రెషెను పాత్రము గోధుమవన్నెపై చుక్కలు గలది. వెస్టర్‌వాల్డు పాత్రము బూడిదవన్నెది, కోబాల్టు నీలముతో తీర్చినది.

ఫ్రెషెనునుండి యింగ్లాండునకు వచ్చిన సీసాల మెడలపై గడ్డముగల పురుషుని మొగము తఱచుగా కనఁబడును. ఇంగ్లీషువారు వీనికి బెల్లార్మీనులను పేరు పెట్టిరి. ప్రొటెస్టెంటులతో వాదములు సలిపిన కార్డినల్ రాబర్టు బెల్లార్మీనును పరిహసించుటకే యీ సీసాలు పుట్టెనని చెప్పుదురు. ఆయన జీవితకాలము 1542 మొదలు 1621 వఱకు. గడ్డపుమొగము సీసాలు 16వ శతాబ్ది మధ్యమునాటికే కలవు. అప్పటి కాయన బాలుఁడు. పేరు తరువాతిది, సీసా మునుపటిది. ఉప్పుమెఱుఁగు చరిత్రమున నిట్టి తలక్రిందులు పెక్కులు గలవు.

ఈ విదేశపు సరకును స్వదేశముననే చేయవలయునని ఇంగ్లీషువారు బహుకాలము యత్నించిరి. 1626లోనే రౌస్, కల్లిన్ అను నిరువురు శిలాభాండములు చేయుటకు రాజునొద్ద పట్టా పొందిరి. లండనుకు సమీపమున వూల్విచ్చికడ 1974లో త్రవ్వఁగా, 17వ శతాబ్ది నడిమికాలపు శిలాభాండముల ఆవ మొకటి బయలుపడెను. అయినను ఈ పనిని నిలుకడగల పరిశ్రమముగా జేసినవాఁడు ఫుల్హామునందలి జాన్ డ్వైటు. ఇతఁడు కుమ్మరివంశమున పుట్టినవాఁడు గాఁడు. ఆక్స్‌ఫర్డున చదివి, రాబర్టు బాయిలుతో పరిచయము సంపాదించి, బిషప్పుల కార్యస్థానమున నుద్యోగము చేసినవాఁడు. 1672లో పింగాణిని, కొలోనుపాత్రమని లోకులు పిలుచు శిలాభాండమును చేయు విద్యకు 14 సంవత్సరముల పట్టా పొందెను. 1684లో రెండవ పట్టా పొందెను. పింగాణి యతనికి వాణిజ్యముగా చేకూరలేదు. శిలాభాండములు మాత్రము చక్కగా కుదిరినవి. 1676లో లండను గాజువర్తకుల సంఘమువారు అతని సీసాలు కొనుట కొడంబడిరి.

డ్వైటు చేసినవానిలో నొకటి యమ్మకమునకు చేసినది గాదు. 1674లో అతని కూఁతురు లిడియా పసిప్రాయమున మరణించెను. దిండుపై తలవాల్చి, చేతఁ బూలగుత్తి పట్టుకొని, కన్నులు మూసికొనియున్న యా బాలిక ప్రతిమ లేఁతబూడిదవన్నె శిలాభాండపు మట్టితో చేయఁబడి, ఉప్పుమెఱుఁగుతో కాల్పఁబడినది. లండను విక్టోరియా అండ్ ఆల్బర్ట్ ప్రదర్శనశాలలో నది యున్నది. దుఃఖమున కది యెంతటి సాక్షియో, చరిత్రమునకును అంతటి సాక్షియే. స్టాఫర్డ్‌షైరులో తెల్లని శిలాభాండములు వెలువడుటకు సుమా రేఁబదియేండ్లకు ముందే ఇంగ్లాండున నింత సున్నితమైన ఉప్పుమెఱుఁగుపని తెలిసియుండెనని యా ప్రతిమవలన స్పష్టమగుచున్నది. 1971 మొదలు 1979 వఱకు ఫుల్హామున క్రిస్ గ్రీన్ జరిపిన త్రవ్వకములలో గడ్డపుమొగము సీసాల పెంకులేకాక, పలుచని శ్వేతశిలాభాండముల పెంకులును దొరకినవి.

ఇఁక న్యాయస్థానపు కాగితములు. 1693లో డ్వైటు తన పట్టాహక్కును హరించుచున్నారని పెక్కురిపై ఛాన్సరీ న్యాయస్థానమున ఫిర్యాదు చేసెను. ఆ ప్రతివాదులలో జాన్, డేవిడ్ ఎలర్సులు కలరు. నాటింగ్‌హామునందలి జేమ్స్ మార్లీ కలఁడు. బర్స్‌లెమునందలి ఆరన్, థామస్, రిచర్డ్ వెడ్జ్‌వుడ్డులు కలరు. జాన్ చాండ్లరు అను నొకఁడును గలఁడు. ఇతఁడు మునుపు డ్వైటుకడ కూలికి పనిచేసినవాఁడు. తన పనివానిని లోఁబఱచుకొని తక్కినవారు విద్య సంగ్రహించిరని డ్వైటు మొఱపెట్టుకొనెను. ఎలర్సుల సమాధానము మఱియొక తీరుగ నుండెను. డేవిడు కొలోనుననే యా పని నేర్చెననియు, తాము గోధుమవన్నె చెంబులును ఎఱ్ఱని తేనీటిపాత్రలును చేయుచున్నామనియు వారు చెప్పికొనిరి.

ఆరోపణ మాత్రముచే నేరము రుజువు కాదు. కాని యీ కాగితములవలన రెండుసంగతులు తేలుచున్నవి. ఎలర్సులు బ్రాడ్వెల్‌కు వచ్చు దినములలోనే బర్స్‌లెమువారు శిలాభాండములు చేయుచున్నారని డ్వైటు వ్యాజ్యెము వేసెను. కాఁబట్టి బర్స్‌లెమువారు దానికై వెఱ్ఱివేషము వేయవలసిన యావశ్యకము కనఁబడదు. మఱియు రహస్యము చేతులు మాఱుటకు చాండ్లరువంటి కూలివాఁడు చాలును. ఒక యజమానిని విడిచి వేఱొకని చేరు పనివానితోడనే పని వ్యాపించుట యే దేశముననైనను కుమ్మరివాడల కలవాటే.

కాలగణనము కథకు మఱింత ప్రతికూలముగా నున్నది. ఎలర్సులు బ్రాడ్వెల్‌లో నున్నది 1693 ప్రాంతమునుండి ఆ శతాబ్ది చివఱివఱకే. ఆస్ట్‌బరీ 1743లో తన 55వ యేట మరణించెను. అనఁగా ఎలర్సులు వచ్చునప్పటి కతఁ డైదేండ్ల బాలుఁడు. వారు వెడలునప్పటికి పండ్రెండేండ్లు దాఁటనివాఁడు. అట్టివానికి వెఱ్ఱివేషము వేయవలసిన పనియేమి? బ్రాడ్వెల్‌కడ నేలలో దొరకిన ఎలర్సుల పెంకులును ఎఱ్ఱనివి, మెఱుఁగులేనివి. అచ్చొత్తిన పూలతీఁగెలు వానిపై నున్నవి. సున్నితములైన యెఱ్ఱని తేనీటిపాత్రములను సన్నగా చెక్కుపట్టి తీర్చిన కీర్తి నిస్సంశయముగ వారిది. ఉప్పుమెఱుఁగు కీర్తిని పెంకులు వారి కిచ్చుట లేదు. వారికంటె ముందు, 1686లో, స్టాఫర్డ్‌షైరు ప్రకృతిచరిత్రమును ప్రకటించిన రాబర్టు ప్లాటు అచ్చటి కుమ్మరిపనిని విపులముగ వర్ణించియు, సీసపురాతి మెఱుఁగునే చెప్పెను, ఉప్పుమాట యెత్తలేదు. కాఁబట్టి ఉప్పుమెఱుఁగు 1686కు పిమ్మట, 17వ శతాబ్ది ముగియులోపల నా మండలమున పాదుకొనెననుట సమంజసము.

తరువాతి కథ స్టాఫర్డ్‌షైరువారి సొంతము. మొదట వారు గోధుమవన్నె పాత్రములు చేసిరి. పిదప బూడిదవన్నె పాత్రములను తెల్లమట్టినీట ముంచి పైకి తెల్లగా కనఁబఱచిరి. 1720 ప్రాంతమున డెవన్, డార్సెట్ మండలముల తెల్లమట్టిలో కాల్చి పొడిచేసిన చెకుముకిరాయి కలిపి లోపల వెలుపల తెల్లనిదగు శిలాభాండమును సాధించిరి. చెకుముకిరాయి చేరుటచే మట్టికి తెలుపును బిగువును కలిగినవి, ఉప్పావిరి పట్టుటకు సిలికాయు సమృద్ధియైనది. ఆ చెకుముకిసంగతియు ఆస్ట్‌బరీ కనుగొనెనని, గుఱ్ఱపు కంటికి మందువేయు పొడిని చూచి గ్రహించెనని యింకొక కథ గలదు. దానికిని అదే మర్యాద చాలును.

కథలు చెప్పని సంగతి యొకటి యుండిపోయినది. చెకుముకిరాతిని పొడిగా దంచుచుండఁగా లేచు దుమ్ము పనివారి ఊపిరితిత్తులను చెఱచుచుండెను. 1726లో థామస్ బెన్సను రాతిని నీటిలో నూఱు యంత్రమునకు పట్టా కోరుచు, ఎంత బలిష్ఠుఁడైనను ఆ దుమ్ములో రెండేండ్లకు మించి బ్రదుకుట దుర్లభమని విన్నవించెను. పట్టాకై వ్రాసిన మాట గనుక కొంత యతిశయోక్తి యుండవచ్చునుగాని, సిలికాదుమ్ము శ్వాసకోశమున చేరి ప్రాణము తీయునని యిప్పటి వైద్యశాస్త్రమున స్థిరపడినది. ఇంగ్లీషు దొరల బల్లలపై నిలిచిన యా తెల్లదనమునకు వెల యిచ్చినవారు వీరు. ఆస్ట్‌బరీ పేరు నిలిచినది. రాయి దంచినవారి పేరొక్కటియు నిలువలేదు.

తెల్లని శిలాభాండము కుదిరిన పిమ్మట పనితీరు మాఱెను. సారెపై తీర్చి, చెక్కుపట్టి నునుపుచేయుటతో నిలువక, అచ్చులలో నొత్తుటయు పోఁత పోయుటయు హెచ్చెను. నేర్పరి మొదట రాతిలోనో మట్టిలోనో మూలరూపమును చెక్కును. ఆరన్ వుడ్ ఇట్టి చెక్కడములకు పేరుగాంచినవాఁడు. దానినుండి అచ్చులు తీయుదురు. కాల్చిన జిప్సముతో చేసిన యచ్చు నీటిని పీల్చును. అందు పలుచని మట్టినీరు పోసి, కొంతసేపటికి మిగులును వంచివేసినచో, గోడ కంటిన మట్టి పాత్రమగును. ఒంటె, ఉడుత, మేడ రూపముల తేనీటిపాత్రము లిట్లు పుట్టినవే. తేయాకు ప్రియమైన సరకగుటచే ఆ పాత్రములు పిడికిలియంతలై యుండెను. పళ్లెముల యంచులపై బుట్టయల్లికయు, ధాన్యపుగింజల వరుసలును ఒత్తుచుండిరి. 1756లో ఆరంభించిన యేడేండ్ల యుద్ధకాలమున తమకు మిత్రుఁడైన ప్రష్యా రాజునకు జయము గోరు వాక్యములను పళ్లెముల యంచుపై నచ్చొత్తి యమ్మిరి. పచ్చిమట్టిపై సూదితో గీఁచి గీఁతలలో కోబాల్టు పొడి రుద్దుటయు, కాలిన పాత్రముపై రంగులు వేసి మరల మెల్లని సెగలో కాల్చుటయు నప్పటివే. ఈ సరకు సముద్రములు దాఁటి యమెరికా వలసలకును పోయెను.

ఇంతటి వ్యాపారము మూఁడుతరములైన నిలువలేదు. 1759లో జొసయా వెడ్జ్‌వుడ్ తన ప్రయోగములను లిఖించుచు, తెల్లని శిలాభాండమే అప్పటి ముఖ్యమైన సరకనియు, దాని వెల మిక్కిలి పడిపోవుటచే కుమ్మరులు దానిని మెఱుఁగుపఱచుటకు వలసిన వ్యయము భరింపలేకున్నారనియు వ్రాసెను. అందఱును చేయుటయే దాని కపకారమైనది. ఇంతలో అదే తెల్లమట్టి, అదే చెకుముకిపొడి, తక్కువవేఁడి, సీసపు మెఱుఁగు కలిసి మీఁగడవన్నె పాత్రము పుట్టెను. అది నునుపైనది, వెండిచెంచా తగిలినను గరుకనదు. 1765లో రాణి షార్లెటుకు వెడ్జ్‌వుడ్ తేనీటి సామగ్రి సమకూర్చిన పిమ్మట దానికి రాణిగారి పాత్రమను పేరు వచ్చెను. ఆ శతాబ్ది ముగియునప్పటికి ఉప్పుమెఱుఁగు భోజనపు బల్లనుండి తొలఁగి, సారాయిబుడ్లకును, మందుజాడీలకును, తుదకు మురుగునీటి గొట్టములకును దిగెను. బంగాళమున రాణిగంజిలో బర్న్ కంపెనీవారు చేసిన యుప్పుమెఱుఁగు గొట్టములు హిందూదేశపు పట్టణముల నేలక్రింద పరవఁబడెను.

వెడ్జ్‌వుడ్ 1777లో తన మిత్రుఁడు బెంట్లీకి వ్రాసిన లేఖలో, ఉప్పుతో మెఱుఁగుపెట్టుట స్టాఫర్డ్‌షైరునకు తెచ్చినవారు ఎలర్సులేయని వ్రాసెను. షా గ్రంథమునకు ఏఁబదియేండ్లు ముందటి మాట యగుటచేతను, అంతటివాని చేతివ్రాఁత యగుటచేతను, తరువాతివారు దానిని తిరుగులేని ప్రమాణముగా గొనిరి. ఎలర్సులతోపాటు 1693లో డ్వైటు వ్యాజ్యెమునకు గుఱియైన బర్స్‌లెము కుమ్మరులు ఆ వెడ్జ్‌వుడ్ వంశమువారే.